నెత్తి మీది విమానం

ఓర్వకల్లు రాళ్లు ఇంకా కాలని పొద్దున
హ్యాంగరు రేకు తలుపు భుజంతో తోసుకొని
సువర్చల వచ్చింది, చేతిలో ఆ పెట్టె.
"షేక్షావలన్నా, దీనికి దయ్యం పట్టింది."

నాలుగు అగ్గిపెట్టెలు కలిపి కట్టినంత పెట్టె.
రబ్బరు కప్పులతో అద్దాన్ని కరుచుకొని
చుట్టుపక్కల ఏ విమానముందో చెప్పాల్సిన పెట్టె.
పెద్ద కంపెనీది కొనలేక
మా బడి యజమాని బేరమాడి తెప్పించింది.

"గాల్లోకి లేస్తే చాలు
నెత్తి మీద ఎవడో ఉన్నాడంటది.
ఎడమకి తిప్పితే వాడూ ఎడమకే.
దిగితే దిగుతాడు, ఎక్కితే ఎక్కుతాడు.
నిన్న బనగానపల్లె దాకా నన్ను ఇడిసిపెట్టలా.
మెడ పట్టేసేలా చూసినా,
ఆకాశంలో పురుగు లేదు."

నేను కర్నూలు పాతబస్టాండు కాడ
ఇరవై ఏండ్లు రేడియోలు బాగుచేసినోణ్ణి.
రేడియో గురకపెడితే
ముందు పక్కింటి గ్రైండరును అనుమానించాలని తెలుసు.

కరెంటు కాడ మొదలుపెట్టినా.
లైటరు బొక్కలో నూర్రూపాయల చార్జరు
జోరీగ మాదిరి గుయ్యిమంటాంది.
పీకి పారేస్తే
మూడు ఉపగ్రహాలు కాస్తా తొమ్మిదైనాయి.
ఇదొక జబ్బే, కానీ దయ్యం కాదు.

యాంటెన్నాకి ఆనుకొని
కెప్టెన్ దొరస్వామి గారి నీళ్ల సీసా.
నీళ్లు అడ్డమైతే అటుపక్క ఆకాశానికి చెవుడే.
మనిషైనా అంతే, కూర్చున్న నీళ్ల తిత్తి.
సీసా తీసేసి, పెట్టెను జానెడు పైకి జరిపి
యాంటెన్నాను నిటారుగా నిలబెట్టినా.

ఇంజను పెట్టించి, ట్రాన్స్‌పాండర్ వేయించినా.
అదే కేక.
దగ్గరలో. నీ ఎత్తులోనే. దిక్కు తెలీదు.
రన్‌వే మీద మేం తప్ప
ఒక కుక్క, దాని నీడ.

అప్పుడు తట్టింది.
ప్రతి విమానానికీ ఆరక్షరాల పేరొకటి.
సెకను సెకనుకీ ఆ పేరు గాల్లోకి అరుస్తా పోతాది.
పెట్టెకి సొంత పేరు ముందే చెప్పిపెట్టాల,
ఆ పేరు వినపడితే ఊరుకోమని.
ఈ పెట్టె పోయిన నెల దాకా
నీలిగీతల విమానంలో ఉండేది.
ఎర్రగీతల దాంట్లోకి మార్చినప్పుడు
కొత్త పేరు కొట్టినారు.
బీ కొట్టాల్సిన చోట ఎనిమిది పడింది.

అంతే. తన గొంతు తనకే పరాయిదై
వారం దినాలుగా
తన్ను చూసి తనే జడుసుకుంటా ఉండాది, పిచ్చిది.

ఆ ఎనిమిది ఎవరు కొట్టినారో నాకు తెల్సు.
కండ్లద్దాలు ఇంట్లో మర్సిపోయిన శుక్రవారం.
సువర్చలతో అనలా.
రిజిస్టరులో మాత్రం రాసినా:
లోపం, ఒక అక్షరం. కారణం, నేను.
విడిభాగాలు వాడలేదు.

గంట తిరిగి వచ్చింది. మొహం తేటపడింది.
"తెర ఖాళీ అన్నా. ఒక్కరూ లేరు."
"ఒక్కరూ లేరని ఎవరు చెప్పినారు?
పేరు అరిసేటోళ్లు లేరు, అంతే.
నన్నూరు కోళ్లఫారాల మీద తిరిగే గద్దలు
ఏ పెట్టెకి పేరు చెప్పినాయి?
పెట్టె లేని విమానం ఏ పెట్టెకి కనపడతాది?"

తలూపింది గానీ
చూపంతా తెర మీదే.
కొత్త పిల్ల. నాలుగు వేల అడుగుల్లో
ఖాళీ తెర ఎంత నెమ్మదిగా ఉంటాదో
నేల మీదోణ్ణి, నాకేం తెల్సు.

ఆమె పోయినాక
తడిగుడ్డతో ముందద్దం తుడిచినా.
సరిగ్గా పైలట్ కంటికెదురుగా
ఎండిపోయి అతుక్కున్న పురుగొకటి.
గుడ్డకి రాలా.
గోటితో గీకితే
మెల్లగా, రెక్కతో సహా, ఊడొచ్చింది.